లోక్‌సభ పీఠంపై చిత్తూరు వకీలు - మాడభూషి అనంతశయనం అయ్యంగార్

1960 ఏప్రిల్ 1వ తేదీ ఉదయం తిరుత్తణి చుట్టుపక్కల పల్లెల ప్రజలు ఎప్పటిలాగే తమ ఇళ్ళలోనే నిద్రలేచారు. ఎవరూ మూటాముల్లె సర్దుకోలేదు, ఎవరూ గడప దాటలేదు. అయినా ముందురోజు రాత్రి వరకు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న ఆ ఊళ్ళు ఆనాటి నుండి మద్రాసు రాష్ట్రంలో చేరిపోయాయి. అదే ఉదయం చెంగల్పట్టు జిల్లాకు చెందిన సత్యవేడు ప్రాంతపు పల్లెలు చిత్తూరు జిల్లాలో కలిశాయి. భూమి కదలలేదు, చెరువు కదలలేదు, గుడి కదలలేదు. శిస్తు కట్టవలసిన కచేరీ మారింది, వ్యాజ్యం వేయవలసిన కోర్టు మారింది, కాలక్రమంలో పిల్లవాని చేతిలోని వాచకం మారింది.

ఈ మార్పు ఏ కలెక్టరు ఉత్తర్వుతోనో జరిగింది కాదు. ఢిల్లీలోని పార్లమెంటు 1959లో చేసిన ఒక చట్టం దీనికి మూలం. ఆ చట్టం లోక్‌సభ ముందుకు వచ్చిన కాలంలో సభాపతి స్థానంలో ఉన్నవారు చిత్తూరు నియోజకవర్గం నుండి ఎన్నికైన సభ్యులే. ఆయన పేరు మాడభూషి అనంతశయనం అయ్యంగార్. తమ జిల్లా ఎల్లలను తిరగరాసే బిల్లు గురించి సభలో వాదించే అవకాశం గానీ, మామూలు సభ్యునివలె వోటు వేసే అవకాశం గానీ ఆయనకు లేదు. సరిహద్దు గ్రామాలవారు ఆయన జీవితాన్ని తెలుసుకోవలసిన కారణాలలో ఇది మొదటిది.

తిరుచానూరు బాల్యం

అనంతశయనం అయ్యంగార్ 1891 ఫిబ్రవరి 4న తిరుపతి పక్కనున్న తిరుచానూరులో ఒక శ్రీవైష్ణవ కుటుంబంలో జన్మించారు. అప్పటికి చిత్తూరు జిల్లా ఏర్పడనే లేదు. తిరుపతి ప్రాంతం ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంటే ఇరవై ఏళ్ళు నిండేసరికే ఆయన పుట్టిన ఊరు ఒక జిల్లా నుండి మరొక జిల్లాకు మారింది. ఆయన గతించిన తరువాత ఇంకొకసారి మారి, 2022 నుండి తిరుపతి జిల్లాలో ఉంది. ఆ ప్రాంతంలో తెలుగు, తమిళం రెండూ వీధి భాషలే. అంగడిలో బేరం ఒక భాషలో మొదలై మరొక భాషలో ముగియడం అక్కడివారికి వింత కాదు. భాషను బట్టి గీత గీయడం ఎంత కష్టమో అటువంటి ఊళ్ళో పెరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు.

తిరుపతిలో పాఠశాల చదువు ముగించి, మద్రాసు పచ్చయప్ప కళాశాలలో పట్టం పుచ్చుకుని, అక్కడే న్యాయశాస్త్రం చదివారు. 1912లో గణితం బోధించే ఉపాధ్యాయునిగా జీవితం ప్రారంభించారు. 1915లో వకీలు వృత్తిలో ప్రవేశించి చిత్తూరు బారులో త్వరలోనే పేరు సంపాదించారు. ఏ కేసులో ఏ హైకోర్టు ఏమి తీర్పు చెప్పిందో పుస్తకం తెరవకుండా చెప్పగలిగేవారట. అందుచేత తోటి వకీళ్ళు ఆయనను నడిచే తీర్పుల సంపుటమని వ్యవహరించేవారు. లెక్కల మాస్టారి కచ్చితత్వం, వకీలు జ్ఞాపకశక్తి - ఈ రెండూ తరువాతి కాలంలో చట్టసభలో ఆయనకు ఆయుధాలయ్యాయి.

గాంధీజీ సహాయ నిరాకరణకు పిలుపునిచ్చినప్పుడు ఒక ఏడాదిపాటు వృత్తిని మానుకున్నారు. తరువాత మళ్ళీ కోర్టుకు వెళ్ళారు. కాంగ్రెసు పనిని మాత్రం విడువలేదు.

అధికారం లేని సభలో అడిగే హక్కు

1934లో కేంద్ర శాసనసభకు ఎన్నికలు జరిగాయి. దత్త మండలాలు, చిత్తూరు కలిసిన నియోజకవర్గం నుండి అయ్యంగార్ ఎన్నికయ్యారు. దత్త మండలాలంటే అనంతపురం, కడప, కర్నూలుతో పాటు బళ్ళారి కూడాను. నేడు కర్ణాటకలో ఉన్న బళ్ళారి తెలుగు కుటుంబాల పెద్దలలో ఆస్తిపన్నో, శిస్తో తగినంత కట్టి వోటుహక్కు పొందిన కొద్దిమందికి ఆనాడు ఢిల్లీలో ప్రతినిధి తిరుచానూరువాసి. మిగిలిన రైతులకు, కూలీలకు, స్త్రీలలో బహుకొద్దిమందికి తప్ప మిగిలినవారందరికీ ఆ ఎన్నికతో నిమిత్తమే లేదు.

ఆ సభ స్వరూపాన్ని ఇక్కడ కొంత చెప్పుకోవాలి. 145 మంది సభ్యులలో నలభైమంది వరకు ప్రజలు ఎన్నుకున్నవారు కారు, ప్రభుత్వం నియమించినవారు. ఎన్నికైనవారంతా ఏకమై ఒక పన్నును తిరస్కరించినా వైస్రాయి తన ప్రత్యేకాధికారంతో దానిని ధ్రువీకరించి అమలు చేయవచ్చు. మంత్రులనదగినవారు సభకు జవాబుదారీలు కారు, లండనుకు జవాబుదారీలు. భూలాభాయి దేశాయి నాయకత్వంలోని కాంగ్రెసు పక్షం బడ్జెటు ప్రతిపాదనలను పదేపదే ఓడించింది. అవి పదేపదే పునరుద్ధరింపబడ్డాయి.

మరి అటువంటి సభలో కూర్చుని ప్రయోజనమేమి? అయ్యంగార్, సత్యమూర్తి వంటివారు దానికి చూపిన సమాధానం ప్రశ్నలు వేయడం. వోటుతో ప్రభుత్వాన్ని దించలేకపోవచ్చు. కాని ఒక అధికారి నిలబడి లెక్క చెప్పక తప్పని పరిస్థితి కల్పించవచ్చు. ఒక ప్రశ్న, దానికి వచ్చిన అరకొర జవాబుపై అనుబంధ ప్రశ్న, ఆపైన మరొకటి - కోర్టులో సాక్షిని విచారించిన అలవాటు ఇక్కడ అక్కరకు వచ్చింది. నేటికీ పార్లమెంటు ప్రశ్నోత్తరాల సమయంలో చుక్క గుర్తు ప్రశ్నకు మంత్రి నోటితో జవాబివ్వాలి, దానిపై అనుబంధ ప్రశ్నలు అడగవచ్చు. చుక్క గుర్తు లేని ప్రశ్నకు వ్రాతపూర్వకమైన జవాబు వస్తుంది. మన పల్లెకు రోడ్డు ఎందుకు రాలేదో, రైలు ఎందుకు ఆగదో తెలుసుకునేందుకు ఒక సభ్యుడు ఈ మార్గాన్ని వాడుకోవచ్చునన్న సంగతి ఇప్పటికీ చాలామంది వోటర్లకు తెలియదు. అడగమని సభ్యుని అడిగేవారు అంతకంటె తక్కువ.

ఈ మధ్యలో సరిహద్దులకు సంబంధించిన ఒక పెద్ద సంఘటన జరిగింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైంది. గంజాం, పర్లాకిమిడి ప్రాంతాలలో తరతరాలుగా ఉన్న తెలుగువారు ఎందరో ఆ కొత్త రాష్ట్రంలో భాగమయ్యారు. ఆ గీత గీసినది లండను ప్రభుత్వపు ఉత్తర్వు. విన్నపాలు వెళ్ళాయి, సంఘాలు విచారణ జరిపాయి, నిజమే. కాని తుది నిర్ణయం చేసినవారెవరూ ఆ గ్రామస్థుల వోటుతో గెలిచినవారు కారు. ఈ 1936 నాటి పద్ధతిని, 1959 నాటి పద్ధతిని పక్కపక్కన పెట్టి చూస్తే చట్టసభ అంటే ఏమిటో కొంత బోధపడుతుంది. రెండు సందర్భాలలోనూ నొచ్చుకున్న గ్రామాలున్నాయి. తేడా వారికి జవాబు చెప్పవలసినవారు ఎవరన్న దానిలో ఉంది.

వ్యక్తి సత్యాగ్రహంలో ఒకసారి, క్విట్ ఇండియా ఉద్యమంలో మరొకసారి అయ్యంగార్ జైలుకు వెళ్ళారు. 1942 ఆగస్టులో నిర్బంధింపబడినవారు 1944లో గానీ విడుదల కాలేదు.

రాజ్యాంగ సభ, అంచనాల సంఘం

స్వాతంత్ర్యం సమీపించిన వేళ మద్రాసు రాష్ట్రం పక్షాన రాజ్యాంగ సభలో సభ్యులయ్యారు. రాజ్యాంగం ముసాయిదాలో మొదట గ్రామ పంచాయతీల ప్రస్తావన లేదు. ఆ లోటును ఎత్తి చూపి, పంచాయతీలకు రాజ్యాంగంలో చోటుండాలని పట్టుబట్టినవారిలో అయ్యంగార్ ఒకరు, ఆచార్య రంగా మరొకరు. 1948 నవంబరులో ఆ సవరణ ఆమోదం పొంది 40వ అధికరణంగా నిలిచింది. అది ఆదేశసూత్రం మాత్రమే గనుక ప్రభుత్వాలు పాటించకున్నా కోర్టుకెళ్ళే వీలు లేదు. దానికి పళ్ళు మొలవడానికి 1993లో అమలులోకి వచ్చిన 73వ సవరణ వరకు ఆగవలసి వచ్చింది.

1948లోనే డిప్యూటీ స్పీకరుగా ఎన్నికయ్యారు. 1952 తొలి సార్వత్రిక ఎన్నికలలో తిరుపతి నుండి గెలిచి లోక్‌సభలోనూ అదే పదవిలో కొనసాగారు. సభాపతి గణేశ వాసుదేవ మావలంకర్ కట్టుదిట్టమైన మనిషి. సభా నియమాలకు పునాదులు వేసినవారు ఆయన. ఆ పునాదులపై రాళ్ళు పేర్చడంలో అయ్యంగార్ కుడిభుజంగా నిలిచారు.

ఈ దశలో ఆయన చేసిన పనులలో పత్రికలు అంతగా పట్టించుకోనిది, నిజానికి మిక్కిలి విలువైనది అంచనాల సంఘం. 1950లో ఏర్పడిన ఆ సంఘానికి తొలి అధ్యక్షులు అయ్యంగార్. ప్రభుత్వం ఏటా బడ్జెటు తెస్తుంది. వందల పుటల పద్దులను అయిదారు వందలమంది కూర్చున్న సభ ఒక్కొక్కటిగా పరిశీలించడం అసాధ్యం. కొన్ని రోజుల చర్చ, గంట కొట్టగానే మిగిలిన పద్దులన్నీ ఒకే ఊపులో ఆమోదం - ఇదీ వరస. కనుక పార్టీలతో నిమిత్తం లేకుండా సభ్యులు కొందరు ఒక గదిలో కూర్చుని, శాఖల అధికారులను పిలిపించి, ఈ పనికి ఇంత సొమ్మెందుకు, ఇంతకంటె పొదుపుగా చేయలేరా, ఇద్దరు చేసే పనికి నలుగురెందుకని అడిగే ఏర్పాటు ఇది. మొదట 25 మందితో ఆరంభమై తరువాత 30 మందికి పెరిగింది. మంత్రులు దీనిలో సభ్యులు కారాదు.

లెక్కల మాస్టారుగా బతుకు ప్రారంభించిన మనిషికి ఇంతకంటె తగిన పని దొరకదు. కొత్తగా స్వతంత్రమైన దేశం భారీ ప్రాజెక్టులపై, కర్మాగారాలపై కోట్లు వెచ్చిస్తున్న రోజులవి. అధికార పక్షానికి చెందిన వ్యక్తే అధ్యక్షుడై అధికార పక్షపు ప్రభుత్వాన్ని లెక్క అడగడం కొందరికి రుచించలేదంటే ఆశ్చర్యమేమీ లేదు. సంఘం సిఫారసులను ప్రభుత్వం తప్పక పాటించాలన్న నియమం లేదు. కాని ఎందుకు పాటించలేదో సభకు చెప్పుకోవాలి. ఇంటి పెద్ద ఖర్చు పెట్టవచ్చును గానీ చిట్టా ఇంటిల్లపాదికీ చూపాలన్నట్టే ఇది.

1956: పటం మారిన ఏడాది

1956 ఫిబ్రవరి 27న మావలంకర్ మరణించారు. మార్చి 8న అనంతశయనం అయ్యంగార్ సభాపతిగా ఎన్నికయ్యారు. పీఠం ఎక్కిన కొద్ది నెలలకే స్వతంత్ర భారత చరిత్రలో అతి క్లిష్టమైన బిల్లులలో ఒకటైన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ బిల్లు సభ ముందుకు వచ్చింది.

అంతకు మూడేళ్ళ ముందే, ఆయన డిప్యూటీ స్పీకరుగా ఉండగా, ఆంధ్ర రాష్ట్ర చట్టం వచ్చింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన నాడే బళ్ళారి జిల్లా చీలిపోయింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, బళ్ళారి పట్టణంతో సహా మిగిలిన తాలూకాలు మైసూరుకు వెళ్ళాయి. ఆయనను ఒకనాడు ఢిల్లీకి పంపిన నియోజకవర్గమే రెండు రాష్ట్రాల పాలైంది.

ఇక 1956 బిల్లు దేశం మొత్తానికి సంబంధించినది. హైదరాబాదు రాష్ట్రం మూడుగా విడిపోయింది. తెలంగాణా ఆంధ్రతో కలిసింది. మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రానికి, రాయచూరు, గుల్బర్గా, బీదరు ప్రాంతాలు మైసూరుకు పోయాయి. నాందేడు వైపు, రాయచూరు వైపు ఉన్న తెలుగు కుటుంబాలు ఒక్కసారిగా మరాఠీ, కన్నడ రాష్ట్రాలలో అల్పసంఖ్యాకులయ్యాయి. బొంబాయి నగరం ఎవరిదన్న వివాదంలో అప్పటికే ప్రాణాలు పోయాయి. ఇంత ఉద్రిక్తత నడుమ వందలాది సవరణలను క్రమం తప్పకుండా చర్చకు పెట్టి, ప్రతి ప్రాంతపు సభ్యునికీ మాట్లాడే అవకాశమిచ్చి, ఆగస్టులో బిల్లును గట్టెక్కించిన సభకు అధిపతి అయ్యంగార్. చట్టం నవంబరు 1 నుండి అమలులోకి వచ్చింది.

ఆ చట్టానికి జంటగా రాజ్యాంగానికి ఏడవ సవరణ చేశారు. సరిహద్దు గ్రామాల తల్లిదండ్రులు దీనిని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఎంత జాగ్రత్తగా గీత గీసినా రెండు వైపులా కొందరు మిగిలిపోతారు. వారికోసం రాజ్యాంగంలో రెండు అధికరణాలు కొత్తగా చేర్చారు. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని 350-ఎ చెబుతుంది. అవసరమైతే రాష్ట్రపతి రాష్ట్రాలకు ఆదేశాలివ్వవచ్చు. ఈ రక్షణలు సరిగా అమలవుతున్నవో లేదో పరిశీలించి రాష్ట్రపతికి నివేదించే ప్రత్యేకాధికారిని నియమించాలని 350-బి చెబుతుంది. ఆ నివేదికలను పార్లమెంటు ఉభయ సభల ముందు ఉంచాలి. పాఠశాల మొత్తంలో 40 మంది గానీ, ఒక తరగతిలో 10 మంది గానీ పిల్లలుంటే వారి మాతృభాషలో బోధించే ఉపాధ్యాయుని నియమించాలన్న సూత్రాన్ని 1949లోనే రాష్ట్రాల విద్యామంత్రులు అంగీకరించి ఉన్నారు.

కాగితం మీద ఇవి ఉన్నవి. ఊళ్ళో అమలు వేరు. తమిళనాడులో 2006లో తమిళ అభ్యాస చట్టం వచ్చినప్పుడు అక్కడి తెలుగు, కన్నడ, మలయాళ, ఉర్దూ కుటుంబాలు తమ పిల్లల చదువు కోసం న్యాయస్థానాల తలుపు తట్టవలసి వచ్చింది. హోసూరులోనైనా, పర్లాకిమిడిలోనైనా తెలుగు బడిలో ఖాళీ అయిన ఉపాధ్యాయుని పోస్టు నింపలేదని తల్లిదండ్రులు అర్జీ పెట్టినప్పుడు, దానిలో 350-ఎ అన్న మాట చేర్చితే అది దయాభిక్ష కోరే అర్జీ కాదు, రాజ్యాంగం చెప్పిన మాటను గుర్తుచేసే అర్జీ అవుతుంది.

మాట్లాడలేని సభ్యుడు

1957లో అయ్యంగార్ చిత్తూరు నుండి మళ్ళీ గెలిచి మళ్ళీ సభాపతి అయ్యారు. ఇంగ్లండులో స్పీకరుపై ప్రధాన పక్షాలు పోటీ పెట్టకపోవడం ఆనవాయితీ. మన దేశంలో అది వేళ్ళూనలేదు. అయిదేళ్ళు ఏ పక్షమూ కాని మనిషిగా ఉండి, ఎన్నికల వేళ ఒక పక్షపు టిక్కెట్టుపై నిలబడవలసిన ఈ ఇరకాటం అయ్యంగార్ నాటినుండి నేటిదాకా తీరలేదు.

ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల సరిహద్దు వివాదం అప్పటికి ముదిరి ఉంది. తిరుత్తణి తమదని మ.పొ.శివజ్ఞానం ప్రభృతులు మద్రాసు వైపు ఉద్యమించారు. చిత్తూరు వైపువారు ససేమిరా అన్నారు. కేంద్రంలో మంత్రిగా పనిచేసిన హెచ్.వి.పటాస్కర్‌ను మధ్యవర్తిగా ఉభయ రాష్ట్రాలూ అంగీకరించాయి. ఆయన అనుసరించిన పద్ధతికి పటాస్కర్ సూత్రమని పేరు వచ్చింది. తాలూకాను కాక గ్రామాన్ని ప్రమాణంగా తీసుకోవడం, ఆ గ్రామం కలవబోయే రాష్ట్రానికి ఆనుకుని ఉండడం, అధిక సంఖ్యాకుల భాషను చూడడం దానిలోని ముఖ్యాంశాలు. తరువాతి దశాబ్దాలలో ఇతర రాష్ట్రాల సరిహద్దు తగాదాలలోనూ ఈ సూత్రం ప్రస్తావనకు వస్తూ ఉంది.

మధ్యవర్తి చెప్పినంత మాత్రాన ఎల్ల మారదు. రాజ్యాంగం 3వ అధికరణం ప్రకారం రాష్ట్రాల ఎల్లలను మార్చే అధికారం పార్లమెంటుదే. రాష్ట్రపతి సిఫారసు లేనిదే అటువంటి బిల్లును ప్రవేశపెట్టరాదు. ఆ బిల్లును సంబంధిత రాష్ట్రాల శాసనసభలకు పంపి గడువులోగా అభిప్రాయం కోరాలి. ఆ అభిప్రాయానికి పార్లమెంటు కట్టుబడి ఉండనక్కరలేదు, కాని అడగకుండా ముందుకు పోవడానికి వీల్లేదు. గడువు నిర్ణయించే ఏర్పాటు 1955లో అయిదవ సవరణతో వచ్చింది. ఆ తరువాత మామూలు చట్టంవలె ఉభయ సభలలో సాధారణ మెజారిటీతో ఆమోదం చాలు. ఆంధ్రప్రదేశ్, మద్రాసు సరిహద్దుల మార్పు చట్టం 1959లో ఈ దారినే వచ్చింది.

తమ జిల్లా సంగతి కనుక అయ్యంగార్ ఏమనుకున్నారన్న కుతూహలం ఎవరికైనా కలుగుతుంది. కాని సభాపతి చర్చలో పాల్గొనరు. వోట్లు సరిసమానంగా చీలినప్పుడు మాత్రమే నిర్ణాయక వోటు వేస్తారు. తమ సభ్యుడు సభలో అత్యున్నత పీఠంపై ఉండడం చిత్తూరు వోటర్లకు గర్వకారణమే. తమకు అత్యవసరమైన ఒక విషయంలో ఆ సభ్యుని గొంతు సభలో వినబడకపోవడం దానికి వారు చెల్లించిన మూల్యం. ఈ రెంటిలో ఏది బరువైనదో తిరుత్తణివారిని అడిగితే ఒకటి, సత్యవేడువారిని అడిగితే మరొకటి చెప్పి ఉండేవారు.

దాదాపు అదే సమయంలో మరొక సరిహద్దు ప్రశ్న వచ్చింది. బెంగాలులోని బేరుబారి ప్రాంతంలో కొంత భాగాన్ని పాకిస్తానుకు ఇవ్వడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. రాష్ట్రం నుండి రాష్ట్రానికి ఊరు మారినట్టు దేశం నుండి దేశానికి మారడానికి వీల్లేదని, దానికి రాజ్యాంగ సవరణ కావాలని సుప్రీంకోర్టు 1960లో అభిప్రాయం చెప్పింది. ఆ ఏడాది చివర తొమ్మిదవ సవరణ వచ్చింది. యానాం కథ దీనికి తలకిందులు. 1954లో ఫ్రెంచివారి చేతినుండి వాస్తవంగా మన చేతికి వచ్చిన యానాం, 1956లో సంతకాలైన ఒప్పందాన్ని ఫ్రాన్సు పార్లమెంటు ఆమోదించే వరకు ఆగి, 1962 ఆగస్టులో గానీ చట్టరీత్యా భారతదేశపు భూమి కాలేదు.

పీఠంపై ఆరేళ్ళు

అయ్యంగార్ సభాపతిగా ఉన్న కాలంలో సభ సాధించిన మేలైన పని 1957-58 నాటి ముంద్రా వ్యవహారాన్ని వెలికి తీయడం. జీవిత బీమా సంస్థ ప్రజల సొమ్ము సుమారు కోటీ పాతిక లక్షల రూపాయలను హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల వాటాలలో పెట్టింది. ఒక ప్రశ్నతో మొదలైన ఆ విషయాన్ని 1957 డిసెంబరులో కాంగ్రెసు సభ్యుడే అయిన ఫిరోజ్ గాంధీ చర్చకు తెచ్చి ప్రభుత్వాన్ని నిలదీశారు. ఆయన ప్రధానమంత్రికి అల్లుడు కూడాను. చాగ్లా కమిషను బహిరంగ విచారణ జరిపింది. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి.కృష్ణమాచారి రాజీనామా చేశారు.

ఆ ఫిరోజ్ గాంధీయే ప్రవేశపెట్టిన ఒక ప్రైవేటు సభ్యుని బిల్లు 1956లో చట్టమైంది. పార్లమెంటులో జరిగిన చర్చను దురుద్దేశం లేకుండా, ఉన్నదున్నట్టు ప్రచురించిన పత్రికపై కేసు పెట్టరాదన్నది దాని సారాంశం. అత్యవసర పరిస్థితి కాలంలో 1976లో దానిని రద్దు చేసి, 1977లో మళ్ళీ తెచ్చారు. పల్లెటూరి రచ్చబండ దగ్గర పత్రిక విప్పి సభా విశేషాలు చదువుకోగలిగిన ధైర్యానికి వెనుక ఆ చిన్న చట్టం ఉంది.

పత్రికలతో సభ వ్యవహారం ఎప్పుడూ ఇంత సౌమ్యంగా సాగలేదు. ఆచార్య కృపలానీని కించపరుస్తూ వ్రాసినందుకు బ్లిట్జ్ పత్రిక సంపాదకుడు ఆర్.కె.కరంజియాను 1961 ఆగస్టులో సభ ముందుకు పిలిపించారు. ఆయన నిలబడి ఉండగా సభ తీర్మానం మేరకు మందలించే బాధ్యత సభాపతి అయ్యంగార్‌పై పడింది. సభ గౌరవం కాపాడవలసినదే. కాని ఫిర్యాదు చేసినవారే న్యాయమూర్తులై తీర్పు చెప్పే ఈ పద్ధతి సబబేనా అన్న ప్రశ్న అప్పుడూ వచ్చింది, ఇప్పుడూ ఉంది. సభాహక్కుల హద్దులను క్రోడీకరిస్తూ ఒక చట్టం చేసుకునే వీలు రాజ్యాంగంలో ఉన్నా నేటివరకు పార్లమెంటు ఆ పని చేయలేదు.

అదే 1961లో వరకట్న నిషేధ బిల్లుపై లోక్‌సభకు, రాజ్యసభకు పొత్తు కుదరలేదు. కొన్ని సవరణలపై రెండు సభలూ పట్టు విడవలేదు. అటువంటప్పుడు ఏమి చేయాలో రాజ్యాంగం చెప్పింది: రాష్ట్రపతి ఉభయ సభలను ఒకచోట సమావేశపరచవచ్చు, దానికి లోక్‌సభ సభాపతి అధ్యక్షత వహిస్తారు. మే 6, 9 తేదీలలో జరిగిన ఆ సమావేశం దేశ చరిత్రలో మొదటిది. అయ్యంగార్ అధ్యక్షతన వరకట్న నిషేధ బిల్లు ఆమోదం పొందింది. అటువంటి సంయుక్త సమావేశాలు ఆ తరువాత 1978లో ఒకసారి, 2002లో ఒకసారి మాత్రమే జరిగాయి. చట్టం వచ్చి ఆరు దశాబ్దాలు దాటినా కట్నం పోలేదన్నది వేరే కథ.

పార్లమెంటు ఎలా పనిచేస్తుందో వివరిస్తూ అయ్యంగార్ ఒక పుస్తకం కూడా వ్రాశారు. సభ గంభీరంగా ఉండాలన్నది ఆయన పట్టుదల, కాని ముఖం ముడుచుకుని కూర్చునే స్వభావం కాదు. చతురోక్తితో వేడిని చల్లార్చడంలో నేర్పరి అని పేరు.

పాట్నా, తిరిగి తిరుపతి

1962లో చిత్తూరు నుండి మళ్ళీ ఎన్నికయ్యారు. అయితే ఆ ఏడాది మే నెలలో బీహారు గవర్నరుగా నియమితులై లోక్‌సభ సభ్యత్వాన్ని వదులుకున్నారు. ఖాళీ అయిన స్థానానికి జరిగిన ఉపఎన్నికలో ఆచార్య రంగా గెలిచారు. ఒకనాడు రాజ్యాంగ సభలో పంచాయతీల కోసం కలిసి వాదించినవారిలో ఒకరి స్థానంలోకి మరొకరు, అదీ కాంగ్రెసును వీడి స్వతంత్ర పార్టీ పక్షాన రావడం రాజకీయాల తీరు.

బీహారులో అయిదున్నరేళ్ళు ఉన్నారు. అక్కడ దారుణమైన కరవు చూశారు. 1967లో ఆ రాష్ట్రంలో తొలి కాంగ్రెసేతర మంత్రివర్గం చేత ప్రమాణం చేయించారు. ఆ డిసెంబరులో పదవి నుండి తప్పుకుని తిరుపతి చేరుకున్నారు.

మిగిలిన పదేళ్ళూ ఎక్కువగా సంస్కృత విద్య కోసం వెచ్చించారు. తిరుపతిలో కేంద్రీయ సంస్కృత విద్యాపీఠం నిలదొక్కుకోవడంలో ఆయన పాత్ర పెద్దది. 1978 మార్చి 19న, 87 ఏళ్ళ వయసులో, అనంతశయనం అయ్యంగార్ కన్నుమూశారు. అప్పటికి తిరుత్తణి మద్రాసు వైపుకు వెళ్ళి పద్దెనిమిదేళ్ళు కావస్తోంది. ఆ పల్లెలలో 1960 తరువాత పుట్టిన పిల్లలు తమిళ వాచకాలతో ఉన్నత పాఠశాల చదువులకు వచ్చారు. సత్యవేడు పిల్లలు తెలుగు వాచకాలు పట్టుకున్నారు. వారి తాతల ఇళ్ళలో మాత్రం పెళ్ళి పిలుపులు ఇంకా రెండు భాషలలోనూ వెళ్తూనే ఉన్నాయి.